నీటిమర నమూనాయు తిరుగలిరాయియు

పురాతన యంత్రముల చిన్న నమూనాలను బాగుచేయుట బొమ్మలాటవంటిదని తలంచువారు కలరు. ఆ తలంపు సరికాదు. శిథిలమైన యొక పాత నీటిమర నమూనా మన చేతికి వచ్చెననుకొందము. దానిని మరల నిలువబెట్టువాడు మూడు ప్రశ్నలకు సమాధానము వెదకవలెను. ఆ మర యెట్లుండెను? ఎట్లు పనిచేసెను? ఎవరి కొఱకు పనిచేసెను?

మొదటి ప్రశ్నకు పాతకొయ్యయే సాక్షి. దానిని వీలైనంతవఱకు నిలుపుకొని, చేర్చిన ముక్క క్రొత్తదని తెలియునట్లు గుర్తుపెట్టి, చేసిన పనినంతయు వ్రాసియుంచుట మంచి పనివాని లక్షణము. అరిగిన పంటిని నునుపుచేసి మెఱయించినచో, చక్రము ఏ వైపునకు తిరిగెనో చెప్పు గుర్తులు నశించును.

రెండవది పనితీరు. నీటిచక్రము నిలువుగా తిరుగును. ధాన్యము విసరు రాయి అడ్డముగా తిరుగవలెను. ఈ మార్పును పండ్లచక్రములు కలిగించును. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున రోమక శిల్పి విట్రూవియస్ ఈ యమరికను వర్ణించియున్నాడు. పండ్ల లెక్క తప్పినచో నమూనా తిరుగునేకాని నిజము చెప్పదు. నీరు మాత్రము కొలబద్దకు లోబడదు. 12వ వంతు పరిమాణముగల నమూనాలో, చక్రపు తొట్టిలో పట్టు నీరు 1,728వ వంతు మాత్రమే. ఆంగ్ల శిల్పి జాన్ స్మీటన్ 1752, 1753 సంవత్సరములలో రెండడుగుల చక్రముగల నమూనాతో పరీక్షలు చేసి, పైనుండి నీరు పడు చక్రము, అడుగున నీరు తాకు చక్రముకంటె ఇంచుమించు రెండింతలు పనిచేయునని కనుగొనెను. అయినను పెద్ద మరలలో సరిచూచుకొన్న పిమ్మటనే, 1759లో రాయల్ సొసైటీకి నివేదించెను. నమూనాను నమ్మువానికి ఈ యోర్పు ఆదర్శము.

మూడవ ప్రశ్నకు కొయ్యయు ఇనుమును బదులు చెప్పవు, చరిత్రయే చెప్పవలెను. 1086 నాటి ఆంగ్లదేశపు భూమిలెక్కలలో సుమారు 6,000 మరలు కానవచ్చుచున్నవి. మర మనుష్యుల శ్రమను తగ్గించు సాధనమే. కాని అది భూస్వామి సొత్తు. పెక్కుచోట్ల రైతు తన ధాన్యమును ఆ మరయందే విసరించుకొని, అందొక భాగమును రుసుముగా నీయవలసివచ్చెను. సెంట్ ఆల్బన్స్ మఠాధిపతి రిచర్డ్ 1331లో పట్టణజనుల చేతితిరుగళ్ల రాళ్లను లాగికొని, మఠపు గదిలో నేలగా పఱపించెను. పండ్లచక్రములతో అద్భుతమైన ఖగోళ గడియారమును కల్పించిన మేధావియు ఆయనయే! విద్య యున్నంతమాత్రమున న్యాయబుద్ధి కలుగదు. 1381 నాటి తిరుగుబాటులో జనులు మఠము చొచ్చి, ఆ రాళ్లను పెకలించి, ముక్కలను పంచుకొనిరి. వారి నాయకుడు విల్లియం గ్రిండ్‌కాబ్ ఆ యేటనే ఉరితీయబడెను.

ఆ జనులకు నీటిచక్రముపై ద్వేషము లేదు, నిర్బంధముపైననే ద్వేషము. తెల్లవారకముందే లేచి తిరుగలి త్రిప్పిన తల్లుల శ్రమను విన్న మన యిండ్లవారికి మర చేయు మేలు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ మేలు ఎవరికి దక్కెను, ఎవరు దానికి వెల యిచ్చిరి అను విచారణ మాత్రము మనము విడువరాదు.

కావున ఆ నమూనాను బాగుచేసి ప్రదర్శించువారు దాని ప్రక్కన ఒక చేతితిరుగలి రాతినిగూడ నుంచుట యుక్తము. చక్రమును చూచిన బాలుడు నీరెట్లు పనిచేయునో నేర్చుకొనును. రాతిని చూచి, అది అచ్చట నేల యున్నదని అడుగును. ఆ ప్రశ్నకు పెద్దలు నిజము చెప్పిననాడే నమూనా పూర్తిగా బాగుపడినట్లు.