ఉద్యానమంటపము - ఇంటివారి హక్కు

గృహము మనుష్యుల వయస్సుతో పాటు మారవలసిన వస్తువు. పిల్లలు పెరుగుదురు; వృద్ధులు మంచము పట్టుదురు; కోడలు చదువు కొనసాగింప గోరును; ఒకరు ఇంటనే కూర్చుండి ఉద్యోగము చేయవలసి వచ్చును. గోడలు మాత్రము కట్టిననాడు ఎట్లుండెనో నేడును అట్లే యుండును. అందుచేత పెరటిలో కొంత నేల గలవారు కొందరు, ఇంటిపై అంతస్తు వేయుటకు మారుగా, తోటలో చిన్న మంటపము కట్టుకొని దానిని పలువిధముల వాడుకొనదలచుచున్నారు. ఈ యూహ క్రొత్తదిగా గన్పట్టును గాని, దీని చరిత్ర మిగుల పాతది. ఆ చరిత్రను పరిశీలించినచో, మంటపమును ఎంత సొగసుగా కట్టవలెనను ప్రశ్నకంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి తోచును: అందు కూర్చుండు హక్కు ఎవరిది?

మొగలు చక్రవర్తుల కాలమున తోటల నడుమ బారాదరులను కట్టుచుండిరి. బారా యనగా 12, దర్ అనగా ద్వారము. చతురస్రమైన కట్టడమునకు ప్రతివైపున మూడేసి ద్వారములుండును. దానిని ఎత్తైన అరుగుమీద నిలుపుటచే నేలతేమ పైకి రాదు. గాలి ఏ దిక్కున వీచినను లోనికి వచ్చును. దీని విశేషమేమనగా, లోపలి చోటు ఏ యొక్క పనికిని కట్టుబడినది కాదు. తివాచీ పరచిన నది కొలువుకూటము. వాద్యములు తెచ్చిన సంగీతశాల. పరుపు వేసిన విశ్రాంతిమందిరము. పనిని నిర్ణయించునది గోడ కాదు, వచ్చిన మనిషి.

ఇందులకు లాహోరు నగరమందలి బారాదరి మంచి నిదర్శనము. షాజహాను కాలమున పంజాబును పాలించిన వజీరుఖాను దీనిని 1635 ప్రాంతమున తన తోటలో కట్టించెను. ఆయన అసలు పేరు హకీం ఇల్ముద్దీన్ అన్సారీ, వృత్తిచే వైద్యుడు. కాలక్రమమున తోట మాయమైనది గాని మంటపము నిలిచినది. 1849లో పంజాబు ఆంగ్లేయుల వశమైన పిమ్మట అది కొంతకాలము కచేరిగాను, తంతి కార్యాలయముగాను, వస్తుప్రదర్శనశాలగాను ఉపయోగపడెను. తుదకు 1884లో పంజాబు సార్వజనిక గ్రంథాలయము స్థాపింపబడగా, ఆ బారాదరియే పుస్తకములకు తొలి నెలవైనది. ఒక ప్రభువు విలాసమునకై కట్టిన చోట సామాన్య విద్యార్థి కూర్చుండి చదువుకొనగలిగెను. ఆ కట్టడమునకు ఇంతకంటె గొప్ప జీర్ణోద్ధరణము వేరొకటి కలదా?

అయినను తెరచియుండుట యొక్కటియే చాలునని తలపరాదు. మన తెలుగిండ్ల వీధియరుగును జూడుడు. అదియును బహూపయోగకరమైన చోటే. ఉదయమున వీధిబడి, మధ్యాహ్నమున బాటసారికి నీడ, సాయంకాలమున పెద్దల పంచాయతీ, రాత్రి పడక - ఇన్నియు ఆ యరుగుమీదనే జరిగెడివి. కాని ఆ యింటి ఆడువారిలో ఎందరు పట్టపగలు అచ్చట తీరికగా కూర్చుండి పుస్తకము విప్పగలిగిరి? వారికి వంటయిల్లును, పెరడును, మండువా చుట్టునున్న వసారాయునే గతి. ఆ వసారాలోనైనను ఎవరు పిలిచిన వారికి బదులు చెప్పవలసినదే. కావున నిజమైన సౌకర్యమునకు రెండు గుణములు కావలయును: తలుపు తెరచుటకు వీలు, అవసరమైనపుడు లోపలినుండి గడియ వేసికొనుటకు అధికారము. మొదటిది శిల్పి యియ్యగలడు. రెండవదానిని ఇంటివారే యియ్యవలయును.

ఇక రాజుల తోటలను విడిచి, మనకు సమీపకాలపు తోటయింటి నొకదానిని జూతము. శాంతినికేతనమున రవీంద్రనాథ ఠాకూరు ఒక్క భవనముతో తృప్తిపడక, ఉత్తరాయణ మను ఆవరణలో కోణార్క, శ్యామలి, పునశ్చ, ఉదీచి మొదలగు చిన్న యిండ్లను ఒకదాని వెంట నొకటి కట్టించుకొని, మనసు మారినపుడెల్ల ఇల్లు మార్చుచుండెను. వానిలో 1935 నాటి శ్యామలి ముఖ్యమైనది. సురేంద్రనాథ కర్ దీని రూపమును కల్పించెను. నందలాల్ బోసును ఆయన శిష్యులును గోడలపై ఉబ్బెత్తు బొమ్మలు తీర్చిరి. గోడలే కాక కప్పును మట్టిదే. పూరికప్పులు నిప్పంటుకొని పల్లెలు కాలిపోవుచుండగా, బీదవానికి అందుబాటులో నుండు మట్టికప్పు సాధ్యమగునేమో చూడవలెనని కవి యాశ. వాన మట్టికి శత్రువగుటచే ఆ యింటికి పలుమారు మరమ్మతులు కావలసివచ్చెను. ఐనను 1940లో గాంధీ మహాత్ముడు కస్తూరిబాతో శాంతినికేతనమునకు వచ్చినపుడు వారికి విడిది యైనది ఈ మట్టియిల్లే. కవికి గదియైనది అతిథులకు గృహమైనది. 2023లో శాంతినికేతనము ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది.

ఈ చరిత్రనుండి నేడు మంటపము కట్టుకొనువారు గ్రహింపదగిన విషయములు కొన్ని కలవు. అరుగు వాననీటికి అందని యెత్తున నుండవలెను. కాని ముసలివారును రోగులును ఎక్కుటకు మెట్ల ప్రక్కన వాలుబాట యొకటి యుండవలెను. ఎదురెదురు తలుపులు గాలికి దారి యిచ్చును. పడమటి యెండకు అడ్డముగా గోడయో, గుబురైన చెట్టో కావలయును. మన తుపానుల జల్లును తలచి చూరు వెడల్పుగా దింపి, దాని కట్టును గట్టిగా బిగింపవలెను. కదలని సామగ్రితో చోటును నింపక, గోడలో గూళ్లు తీర్చి, చుట్టిపెట్టదగిన చాపలును, మడచిపెట్టదగిన బల్లలును ఉంచినచో, ఉదయపు పాఠశాల రాత్రికి అతిథిగృహము కాగలదు. దీపమునకును నీటికిని ఏర్పాటు మొదటనే చేయుట మంచిది. లేనిచో మంటపము వేసవి సాయంకాలములకు మాత్రమే పనికివచ్చును.

ఇవి యన్నియు తాపీపనివాడు చక్కబెట్టగల సంగతులు. ఆతడు చక్కబెట్టలేనిది ఒకటి కలదు. క్రొత్తగదికి తాళముచెవి సాధారణముగా ఇంటి యజమాని మొలత్రాటనే వ్రేలాడును. ఆయన స్నేహితులు వచ్చిననాడు తెరవబడి, తక్కిన దినములలో పాత సామానులకు కొట్టుగా మారును. అట్లైనచో వ్యయపడిన ధనము తోటనేలను పాడుచేయుటకే పనికివచ్చినదగును. పరీక్షకు చదువు బాలికకు, పసిబిడ్డ నిద్రించిన గంటసేపు తన పని చూచుకొనదలచు తల్లికి, మాటిమాటికి లేపబడక పరుండవలసిన రోగికి ముందు వంతు నిచ్చి, ఆ వంతును ఇంటివారెల్లరు మన్నింపవలయును. లాహోరు మంటపమును గ్రంథాలయముగా మార్చినది పాలరాయి కాదు, లోనికి రానిచ్చిన నిర్ణయము. మన పెరటి మంటపమును అట్టి నిర్ణయముతోనే కట్ట నారంభింతము గాక.