తెల్లచారలకు మందు లేదు.. వేగం తగ్గించడమే మార్గం

బ్రాయిలర్‌ కోడి రొమ్ము మాంసంలో లోపాలు.. మేతతో, ఎదుగుదలతో ముడి

చివ్వెంల: చర్మం తీసిన బ్రాయిలర్‌ కోడి రొమ్ము మాంసంపై తెల్లచారలు కనిపిస్తే కొనేవారు వెనకాడతారు. కోడికి రోగం వచ్చిందనో, ఇంజెక్షన్లు వేశారనో అనుమానిస్తారు. పెంపకందారు మందుల దుకాణానికి పరుగెడతాడు. నిజానికి ఇది అంటువ్యాధి కాదు, మందులతో పోయేదీ కాదు. శరీరం తట్టుకోగలిగిన దానికన్నా వేగంగా కండ పెరగడమే దీనికి మూలం. చివ్వెంల మండలంతో పాటు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో కోళ్లు పెంచే రైతులు, మాంసం కొనే ప్రజలు తెలుసుకోవాల్సిన విషయమిది.

మూడు రూపాలు

కండర పోగుల వెంబడి కొవ్వు చేరి తెల్లని గీతలు పడటాన్ని వైట్‌ స్ట్రైపింగ్‌ అంటారు. కండ పాలిపోయి, వేలితో నొక్కితే చెక్కలా గట్టిగా తగిలితే అది వుడీ బ్రెస్ట్‌. పోగులు విడిపోయి దారాల్లా ఊడివస్తే స్పఘెటీ మీట్‌. ఒకే కోడిలో రెండు లోపాలు కలిసి ఉండటమూ కద్దు. చెక్కలా బిగుసుకున్న కండరంలో జరిగే మార్పులను ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో సవివరంగా ప్రకటించారు.

ఎందుకిలా?

కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో 1957, 1978, 2005 నాటి కోళ్ల రకాలను ఒకే మేతతో పెంచి చూశారు. ఆ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. 56 రోజులకు మొదటి రకం సుమారు 900 గ్రాములు, రెండోది 1,800 గ్రాములు, మూడోది 4,200 గ్రాములు తూగాయి. మేత ఒకటే అయినందున తేడా అంతా తరతరాల జాతి ఎంపికదే. హార్మోన్‌ ఇంజెక్షన్లతోనే కోళ్లు పెరుగుతున్నాయన్న ప్రచారానికి ఇదే సమాధానం.

కండ వేగంగా బలిసినప్పుడు పోగులు లావెక్కుతాయి. వాటికి రక్తం అందించే సన్నని నాళాలు ఆ మేరకు పెరగవు. ప్రాణవాయువు చాలక, వ్యర్థాలు పేరుకుని పోగులు చితికిపోతాయి. ఆ చోటును కొవ్వు, పీచు కణజాలం ఆక్రమిస్తాయి. మగకోళ్లలో, అధిక బరువు తూగే కోళ్లలో ఇది ఎక్కువ. అమ్మకం ఆలస్యమై కోళ్లు షెడ్డులోనే ఉండిపోతే బరువుతో పాటు ముప్పూ పెరుగుతుంది.

మేత పాత్ర

భారత ప్రమాణాల సంస్థ 2007 నిబంధనల ప్రకారం బ్రాయిలర్‌ మేతలో మాంసకృత్తులు ప్రీస్టార్టర్‌ దశలో 23 శాతం, స్టార్టర్‌లో 22, ఫినిషర్‌లో 20 శాతం ఉండాలి. మేత ఎంత బలమైనదైతే ఎదుగుదల అంత వేగం. మధ్య వారాల్లో మేత పరిమాణాన్నో, అందులోని లైసిన్‌ అనే అమైనో ఆమ్లాన్నో కొంత తగ్గించిన ప్రయోగాల్లో ఈ లోపాలు తగ్గాయి. అయితే బరువు, రొమ్ము మాంసం కూడా కొంత తగ్గే అవకాశం ఉంది. విటమిన్‌-ఇ, సెలీనియం లోపిస్తే కండరాలు దెబ్బతినే మాట వాస్తవమే. మేతలో అవి సరిపడా ఉన్నప్పుడు అదనంగా కలిపినంత మాత్రాన చారలు పోవు.

రైతు చేతిలో ఉన్నదెంత?

ఒప్పంద పద్ధతిలో పిల్లలు, మేత, మందులు కంపెనీవే. షెడ్డు, కరెంటు, శ్రమ రైతువి. గ్రోయింగ్‌ ఛార్జీ కోడి బరువుపైన, మేత-బరువు నిష్పత్తి అయిన ఎఫ్‌సీఆర్‌పైన ఆధారపడి ఉంటుంది. ఈ స్థితిలో రైతు తనంతట తాను మేత తగ్గించినా, మిల్లు నుంచి తవుడు తెచ్చి కలిపినా లెక్క తప్పి ఆదాయం పడిపోతుంది. మార్పు కంపెనీ మేత పట్టికలోనే రావాలి.

రైతు నివారించగలిగినది మరొకటి ఉంది. కోళ్లు బెదిరి రెక్కలు విపరీతంగా కొట్టుకుంటే లోపలి చిన్న రొమ్ము కండరం వాచి, రక్తం ఆగి, చచ్చి ఆకుపచ్చగా మారుతుంది. షెడ్డులో అలజడి లేకుండా చూడటం, రద్దీ తగ్గించడం, రెక్కలు పట్టి లాగకుండా పట్టుకోవడం దీనికి మార్గాలు.

తినవచ్చా?

తెల్లచారల మాంసం వల్ల మనుషులకు జబ్బు అంటుకోదు. కొవ్వు కాస్త ఎక్కువ, మాంసకృత్తులు కాస్త తక్కువ. చెక్కలా గట్టిపడిన ముక్కకు మసాలా పట్టదు, నమలడం కష్టం. దుర్వాసన వస్తున్నా, ఆకుపచ్చగా మారినా ఆ భాగాన్ని పారేయాలి.

చారలు చూసి యాంటీబయాటిక్స్‌ వాడటం వృథా. ఖర్చు మిగలదు సరికదా, మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. కొనేవారు మంచి మాంసం కోరితే కోడి నెమ్మదిగా ఎదగాలి. ఆ ఆలస్యానికయ్యే భారం ఎవరిదన్నది ఒప్పందంలోనే తేలాలి. లేకుంటే అది రైతు మీదే పడుతుంది.