డ్రాగన్ పత్రికలో కంప్యూటర్ ఆటల శీర్షికపై వాదం

డ్రాగన్ అమెరికా నుండి 1976 - 2007 మధ్య అచ్చులో వెలువడిన ఆంగ్ల పత్రిక. బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రపోషణ ఆటలకు, ముఖ్యంగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటకు ఇది ప్రధాన పత్రికగా ఉండేది. 1986లో ఈ పత్రిక కంప్యూటర్ ఆటల సమీక్షలకు ఒక శాశ్వత శీర్షికను కేటాయించింది. బల్లపై ఆడే ఆటల పత్రికలో తెరపై ఆడే ఆటలకు చోటు ఉండవచ్చునా అన్న విషయమై పాఠకులలో భిన్నాభిప్రాయాలు ఏర్పడి, రూపం మారుతూ పత్రిక చివరి సంవత్సరాల వరకు కొనసాగాయి.

పాత్రపోషణ ఆట అంటే

ఈ వాదం అర్థం కావాలంటే ముందు ఆట స్వరూపం తెలియాలి. వైకుంఠపాళిలో పందెం ఎంత పడితే పావు అన్ని గడులు నడుస్తుంది, నిచ్చెన ఎక్కడం, పాము నోట పడడం ఆటగాని చేతిలో లేవు. పాత్రపోషణ ఆటలోనూ పాచికలు ఉన్నాయి కాని అవి కథకు లోబడి ఉంటాయి. నలుగురైదుగురు మిత్రులు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను (యోధుడు, మాంత్రికుడు, దొంగ వంటివి) ధరిస్తారు. మరొకరు వీధి నాటకంలోని సూత్రధారుని వలె కథను నడుపుతూ, తగవు వచ్చినప్పుడు తీర్పు కూడా చెబుతారు. ఈ వ్యక్తిని డంజన్ మాస్టర్ అంటారు. పాత్ర ఏమి చేస్తుందో ఆటగాడు నోటితో చెబుతాడు, అది ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వెలువడింది. దీనిని ప్రచురించిన టి.ఎస్.ఆర్. సంస్థ విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరిలో ఉండేది. ఆ సంస్థ 1975లో స్ట్రటీజిక్ రివ్యూ అనే చిన్న పత్రికను ప్రారంభించి, ఏడు సంచికల తరువాత దాని స్థానంలో 1976 జూన్‌లో డ్రాగన్‌ను తెచ్చింది. తొలి సంపాదకుడు టిమ్ కాస్క్. మొదట రెండు నెలలకొకసారి వచ్చి, తరువాత మాసపత్రిక అయింది. కొత్త నియమాలు, కొత్త భూతాలు, కథలు, గైగాక్స్ వ్యాసాలు ఇందులో ఉండేవి. పాఠకుల లేఖలకు కూడా పెద్ద పీట వేశారు. పాఠకులు సంపాదకునికే కాక ఒకరికొకరు జవాబులు వ్రాసుకొనేందుకు ఫోరమ్ అనే శీర్షిక ప్రత్యేకంగా ఉండేది. నియమాలను ఇంత పట్టుదలగా చర్చించే పాఠకులు తమ పత్రికలోని పుటల పంపకాన్ని మాత్రం చర్చించకుండా ఎలా ఉంటారు?

కంప్యూటర్ శీర్షికల ఆరంభం

కంప్యూటర్ ఆటలు బల్ల ఆటకు పరాయివి కావు. 1976 నాటి కొలోసల్ కేవ్ అడ్వెంచర్‌ను రచించిన విల్ క్రౌథర్ స్వయంగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడినవాడు. 1981లో వచ్చిన విజార్డ్రీ, అల్టిమా ఆటలలోని బలం, ప్రాణశక్తి, అంచెలంచెలుగా పెరిగే స్థాయి వంటి భావనలన్నీ బల్ల ఆట నుండి వచ్చినవే. విజార్డ్రీ ఆడేవారు నేలమాళిగల పటాన్ని గళ్ళ కాగితంపై పెన్సిలుతో గీసుకోవలసి వచ్చేది. బల్ల ఆట వారు వాడినదీ ఆ గళ్ళ కాగితమే.

డ్రాగన్‌లో 1980 ప్రాంతంలో మార్క్ హెర్రో నిర్వహించిన ఎలెక్ట్రిక్ ఐ అనే శీర్షిక ఇంటి కంప్యూటర్లను పాఠకులకు పరిచయం చేసింది. కంప్యూటర్ ఇంకా వింత వస్తువుగా ఉన్న రోజులవి. 1986లో మొదలైన ద రోల్ ఆఫ్ కంప్యూటర్స్ అసలైన సమీక్షా శీర్షిక. లెస్సర్ కుటుంబానికి చెందిన హార్ట్లీ, పట్రిషియా, తరువాత కిర్క్ దీనిని నిర్వహించారు. ఆపిల్, కమడోర్, అమీగా, మాకింటోష్, ఐ.బి.ఎం. యంత్రాలపై నడిచే ఆటలకు ఒకటి నుండి ఐదు వరకు నక్షత్రాలు ఇచ్చేవారు. ఆటలో ఎక్కడో చిక్కుకుపోయినవారికి ఇతర పాఠకులు పంపిన చిట్కాలను కూడా ఈ శీర్షికలోనే ప్రచురించేవారు.

వాదంలోని పక్షాలు

వ్యతిరేకుల మొదటి అభ్యంతరం పుటల గురించి. పత్రిక నిడివి పరిమితం. కంప్యూటర్ సమీక్ష ఆక్రమించిన ప్రతి పుట ఒక సాహసగాథకో, ఒక నియమ వివరణకో దక్కవలసిన పుట. బల్ల ఆటకు డ్రాగన్ వంటి పత్రికలు వేళ్ళపై లెక్కించదగినన్ని మాత్రమే ఉండగా, కంప్యూటర్ ఆటలకు 1981 నుండే కంప్యూటర్ గేమింగ్ వరల్డ్ వంటి ప్రత్యేక పత్రికలు ఉన్నాయి. పైగా అప్పట్లో ఒక యంత్రానికి చేసిన ఆట మరొక యంత్రంపై నడిచేది కాదు. అమీగా ఆట సమీక్ష కమడోర్ ఉన్న ఇంటికి పనికిరాదు, ఏ కంప్యూటరూ లేని ఇంటికి అసలే పనికిరాదు. అచ్చు పత్రిక చేతికందే సరికి ఆట పాతబడిపోయే అవకాశం కూడా ఉంది.

రెండవ అభ్యంతరం మరింత లోతైనది. తెరపై ఆడేది పాత్రపోషణేనా? కోట ద్వారం వద్ద కాపలాదారుడు అడ్డగించాడనుకుందాం. బల్ల వద్ద ఆటగాడు వానితో బేరమాడవచ్చు, లంచం ఇవ్వజూపవచ్చు, యాత్రికుని వేషం వేయవచ్చు, ఏదీ కుదరకపోతే ఏడ్చి జాలి పుట్టించవచ్చు. ఎవరూ ఊహించని ఉపాయం చెప్పినా సూత్రధారి అప్పటికప్పుడు దానికి తీర్పు చెప్పగలడు. నాటి కంప్యూటర్ ఆటలో కార్యక్రమం వ్రాసినవారు ముందే తలచిన రెండు మూడు మార్గాలు తప్ప వేరే దారి లేదు. యంత్రం లెక్క కట్టగలదు గాని తీర్పరి కాలేదన్నది ఈ పక్షం వాదన సారాంశం. ఆ కాలపు ఆటలకు సంబంధించినంత వరకు ఇది కాదనలేని మాట. ఈ శీర్షికలో పాత్రపోషణతో ఏ సంబంధమూ లేని యుద్ధవిమానాల ఆటలు, టీవీకి తగిలించి ఆడే సెగా వంటి యంత్రాల ఆటలు కూడా చోటు చేసుకోవడంతో వ్యతిరేకుల వాదానికి బలం చేకూరింది.

సమర్థకుల మాటలోనూ న్యాయం లేకపోలేదు. బల్ల ఆటకు తోడు ఆటగాళ్ళు కావాలి. అమెరికాలోని పల్లెలలో, చిన్న పట్టణాలలో తోడు ఆటగాళ్ళు దొరకని విద్యార్థులకు పుస్తకాలు కొని చదువుకోవడమే మిగిలేది. అటువంటివారికి కంప్యూటర్ ఒక్కటే తోడు. సమీక్ష లేకుండా ఆ ఖరీదైన ఆటలను కొనడం గుడ్డి బేరం. మూడు నాలుగు పుటలు ఇష్టం లేనివారు తిప్పేసి ముందుకు సాగవచ్చునని కూడా వీరు వాదించారు. చిట్కాల విభాగం పాఠకులు పంపే లేఖలతోనే నడిచింది కనుక, శీర్షిక ఎవరికీ అక్కరలేదన్న మాట నిజం కాదు.

సొంత సంస్థ ఆటల సమస్య

వాదంలోని ముఖ్యమైన చిక్కు 1988 తరువాత వచ్చింది. టి.ఎస్.ఆర్. ఇచ్చిన అనుమతితో కాలిఫోర్నియాకు చెందిన స్ట్రటీజిక్ సిమ్యులేషన్స్ సంస్థ ఆ సంవత్సరం పూల్ ఆఫ్ రేడియన్స్‌ను విడుదల చేసింది. బల్ల ఆట నియమాలనే యథాశక్తి కంప్యూటర్‌లోకి దింపిన ఈ ఆట తరువాత 1989లో కర్స్ ఆఫ్ ది అజూర్ బాండ్స్, 1991లో ఐ ఆఫ్ ది బిహోల్డర్ వచ్చాయి. కంప్యూటర్ ఆటలు పత్రికకు సంబంధం లేనివన్న మాట ఇక చెల్లలేదు. అయితే ఈ ఆటల వలన లాభపడే సంస్థే పత్రికకు యజమాని. ఆ పత్రిక ఇచ్చే నక్షత్రాలను పాఠకుడు ఎంతవరకు నమ్మాలి? లెస్సర్లు ఇతర సంస్థల ఆటలకు కూడా ఉదారంగానే మార్కులు వేశారు కాబట్టి పక్షపాతమని చెప్పడం కష్టం, అయితే అంత ఉదారత వలన నక్షత్రాల విలువ తగ్గుతుందన్నది కూడా నిజమే. యజమాని సరుకును యజమాని పత్రిక తూచడంలోని ఇబ్బంది పుస్తక సమీక్షలకు కూడా వర్తిస్తుంది, కంప్యూటర్లతో అది మరింత స్పష్టంగా బయటపడింది.

ఇంగ్లాండులో గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1977లో స్థాపించిన వైట్ డ్వార్ఫ్ పత్రికకు ఇంకొక రకం అనుభవం ఎదురైంది. మొదట అన్ని సంస్థల ఆటలకూ వేదికగా ఉన్న ఆ పత్రిక 1980ల చివరికి దాదాపు పూర్తిగా తన సంస్థ బొమ్మల యుద్ధాలకే పరిమితమైంది. అక్కడి పాత పాఠకులు పోగొట్టుకున్నది నాలుగు పుటలు కాదు, పత్రిక మొత్తాన్ని.

తరువాతి దశ

1993లో లెస్సర్ల శీర్షిక స్థానంలో ఐ ఆఫ్ ది మానిటర్ వచ్చింది. దీనిని వ్రాసినవారిలో ముఖ్యుడు శాండీ పీటర్సన్. ఈయన 1981లో కాల్ ఆఫ్ కథుల్హు అనే ప్రసిద్ధ బల్ల ఆటను రచించి, తరువాత ఇడ్ సాఫ్ట్‌వేర్‌లో చేరి 1993 నాటి డూమ్ ఆటకు రంగస్థలాలను రూపొందించాడు. రెండు పక్షాలకూ చెందిన మనిషి కావడం చేత ఇంతకన్న తగినవారు దొరకరు. అయినా ఈ శీర్షిక కొద్ది సంవత్సరాలే సాగింది.

1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ టి.ఎస్.ఆర్.ను కొనుగోలు చేసింది. 1998లో వచ్చిన బాల్డర్స్ గేట్ విజయంతో బల్ల ఆటను ఎన్నడూ చూడనివారు కూడా తెర మీదుగా దాని వైపు రాసాగారు. 2002లో పత్రిక ప్రచురణ పైజో సంస్థకు మారింది. పైజో కాలంలో వచ్చిన సిలికాన్ సోర్సరీ అనే శీర్షిక సమస్యను తలక్రిందులు చేసింది. ఇందులో సమీక్ష ఉండదు. ఏదైనా కంప్యూటర్ ఆటలోని భూతాన్నో, ఆయుధాన్నో, మంత్రాన్నో తీసుకొని బల్ల ఆట నియమాలలోకి మార్చి ఇచ్చేవారు. కంప్యూటర్ లేని పాఠకుడు కూడా దానిని తన ఆటలో వాడుకోవచ్చు. పుట వృథా అయిందన్న పాత అభ్యంతరానికి ఇది చాలవరకు సమాధానం అయినా, తమ ఆట కంప్యూటర్ ఆటల పోలికలోకి దిగజారుతున్నదని బాధపడేవారికి ఇది మరింత కష్టం కలిగించే విషయమే.

డ్రాగన్ అచ్చు ప్రతి 2007 సెప్టెంబరులో 359వ సంచికతో నిలిచిపోయింది. ఆ తరువాత ఈ పత్రిక కంప్యూటర్ తెరపై చదువుకొనే రూపంలో 2013 డిసెంబరు వరకు, 430వ సంచిక దాకా వెలువడింది.