ఐదేళ్ళ పొడవు

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ఎంతకాలం సాగింది? పరీక్ష రాసే విద్యార్థికి ఇందులో చిక్కేమీ లేదు. 1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశముఖు మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ పోరాట విరమణ ప్రకటించింది. మధ్యనున్నది ఐదేళ్ళ మూడు నెలల పైచిలుకు. చరిత్ర ఉపాధ్యాయుడిగా నేను కూడా ఈ లెక్కనే చెప్పి, ఈ లెక్కకే మార్కులు వేసి, జీతం పుచ్చుకున్నాను. ఐతే జనగామ పల్లెల్లోనూ, మానుకోట తండాల్లోనూ, భూపాలపల్లి అడవి అంచునా ముసలివాళ్ళ పక్కన కూర్చుని ఇదే ప్రశ్న అడిగినప్పుడు ఐదేళ్ళన్న జవాబు నాకు ఒక్కరి నోటా రాలేదు. "సంగం దినాలు" అనేవారు. ఆ దినాలకు మొదలూ తుదీ మనిషికొక తీరుగా ఉండేవి.

1980లలోనూ, ఆ తర్వాతి దశకంలోనూ నేను నోటుపుస్తకం పట్టుకుని ఆ ఊళ్ళు తిరిగాను. వాళ్ళు చెప్పినది నల్లసిరాతో రాసుకోవడం, ఇంటికి వచ్చాక పుస్తకాలు దగ్గర పెట్టుకుని తప్పుపడిన సంవత్సరాలను ఎర్ర పెన్సిలుతో దిద్దుకోవడం నా పద్ధతి. కడవెండి చుట్టుపక్కల ఊరి రైతొకాయన కొమరయ్య చావునూ, బైరాన్‌పల్లి హత్యాకాండనూ ఒకే వానకాలంలో జరిగినట్లు చెప్పాడు. బైరాన్‌పల్లిపై రజాకార్లూ నిజాం పోలీసులూ కలిసి పడినది 1948 ఆగస్టు 27న. రెంటికీ నడుమ రెండేళ్ళకు పైగా ఉన్నాయి. నేను దిద్దాను. మానుకోట తాలూకాలో ఒక అవ్వ, మిలిటరీ వచ్చిన తర్వాత తాము అడవిలో పన్నెండేళ్ళు దాక్కున్నామని చెప్పింది. యూనియన్ సైన్యాలు నిజాం రాజ్యంలోకి వచ్చింది 1948 సెప్టెంబరు 13న. విరమణ దాకా లెక్కవేసినా మూడేళ్ళు దాటి నెల పైచిలుకే. అదీ దిద్దాను. పన్నెండు కొట్టివేసి మూడు వేశాను. చరిత్రకారుడిగా బాధ్యత నెరవేర్చాననే అనుకున్నాను. అప్పటికి నాకు నలభై నిండలేదు.

ఇప్పుడు డెబ్బై దాటిన తర్వాత ఆ ఎర్రగీతలు చూస్తే సిగ్గు వేస్తున్నది. సంవత్సరం తప్పని తెలుసుకోవడం తప్పు కాదు; తప్పని తెలియగానే ఇక అందులో తెలుసుకోవలసింది లేదనుకోవడమే తప్పు.

వయసుతోపాటు ఏళ్ళు కురచనవుతాయన్నది అందరికీ అనుభవమే. ఫ్రెంచి తత్త్వవేత్త పాల్ జానె 1877లోనే దీనికొక లెక్క చెప్పాడు: పదేళ్ళ పిల్లవాడికి ఒక ఏడాది అంటే అతని జీవితంలో పదోవంతు, ఏభై ఏళ్ళవాడికి ఏభయ్యోవంతు, కనుక అదే ఏడాది ఇద్దరికీ సమానంగా తోచదు. నా మటుకు నాకు ఈ లెక్క సరిపోయినట్లే ఉంటుంది. పోరాటం విరమించిన నాలుగేళ్ళకు నేను పుట్టాను. బడిలో చదివే రోజుల్లో ఇంటి అరుగుమీద పెద్దలు రజాకార్ల సంగతులు చెప్పుకుంటూ ఉంటే అవి ఓరుగల్లు కోట కట్టిన కాలపు మాటల్లాగ వినిపించేవి. నిజానికప్పుడు విరమణ జరిగి ఇరవై ఏళ్ళయినా కాలేదు. ఈనాటికి లెక్కిస్తే 2006 కూడా అంతే దూరంలో ఉంది. అది నాకు మొన్న జరిగిన పెళ్ళిలాగ ఉంటుంది. అత్యవసర పరిస్థితి గురించి మాట్లాడినప్పుడు నా విద్యార్థుల మొహాల్లో కనబడిన మర్యాదతో కూడిన విసుగు, ఆ అరుగుమీద నా మొహంలోనూ ఉండే ఉంటుంది.

ఐతే ఈ లెక్కతో మన ప్రశ్న తీరదు. జానె చెప్పినదే సర్వమైతే బాల్యం ఎల్లప్పుడూ అందరికీ అన్నిటికంటె పొడుగ్గా ఉండాలి. ఆ ముసలివాళ్ళలో చాలామంది బాల్యం వెట్టిలో గడిచింది. దాన్ని గురించి అడిగితే ఒకటి రెండు మాటల్లో ముగించేవారు. దొర గడీలో పశువులు కాశాం, పిలిస్తే పోయాం, కొడితే పడ్డాం. పదిహేనేళ్ళ బతుకు ఒక్క వాక్యంలో ఇమిడిపోయేది. సంగం దినాలు మొదలుకాగానే ఒక్కొక్క రాత్రికి ఒక్కొక్క కథ. ఎవరు తలుపు కొట్టారు, గిన్నెలో ఏమున్నది, కుక్క అరిచిందా లేదా, అన్నీ జ్ఞాపకమే.

దీనికి జానె కంటె విలియం జేమ్సు దగ్గర మెరుగైన సమాధానం ఉంది. 1890లో అచ్చయిన తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో ఆయన ఒక భేదం చూపించాడు. కొత్త కొత్త అనుభవాలతో నిండిన కాలం గడిచేటప్పుడు చప్పున గడుస్తుంది, వెనక్కి తిరిగి చూస్తే పొడుగ్గా కనిపిస్తుంది. ఖాళీ కాలం గడిచేటప్పుడు ఎంతకూ తెమలదు, వెనక్కి చూస్తే ఏమీ మిగలదు. జేమ్సు ఖాళీ అన్నప్పుడు ఆయన మనసులో వెట్టి ఉండి ఉండదు. వెట్టి మనిషికి పనిలేని క్షణం లేదు. అంబటాళ్ల పొద్దు లేదు, దీపాలవేళ లేదు, పండుగ లేదు. ఐనా ఆ కాలం అతనికి ఖాళీయే, ఎందుకంటే అది అతనిది కాదు. అప్పుకింద భగేలాగా కుదిరినవాడి పని ఏనాటికి తీరుతుందో దొర చిట్టాకే తెలియాలి; తండ్రి చేసిన అప్పు కొడుకు నెత్తిమీదికి వచ్చేది. నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాలపై ఒక శాసనం చేసింది గాని అది గడీ గుమ్మం దాటలేదు. ముగింపు తేదీ లేని పనిలో ఏళ్ళు లెక్కపెట్టుకుని ఏం ప్రయోజనం?

చిట్యాల ఐలమ్మ సంగతి చూడండి. ఆమె 1895లో పుట్టిందంటారు. పాలకుర్తిలో కౌలుభూమి కోసం, ఆ భూమిలో పండిన పంట కోసం విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డిని ఎదిరించి నిలిచేనాటికి ఏభై ఏళ్ళ మనిషి. ఆమె మరణించింది 1985 సెప్టెంబరు 10న. జానె లెక్క ప్రకారం ఆ పోరాట సంవత్సరం ఆమె జీవితంలో ఏభయ్యోవంతు. కాని ఐలమ్మ మీద వచ్చిన ఏ వ్యాసమైనా తీసుకుని కొలవండి: ముందరి ఏభై ఏళ్ళకు నాలుగు వాక్యాలు, ఆ రెండు మూడేళ్ళకు నాలుగు పుటలు, తర్వాత బతికిన నలభై ఏళ్ళకు మళ్ళీ నాలుగు వాక్యాలు. ఏభై దాటిన మనిషికి కూడా ఏడాది పొడుగు కాగలదన్నదానికి ఆమె జీవితమే సాక్ష్యం. కాని చివరి నలభై ఏళ్ళను నాలుగు వాక్యాలకు కుదించిన తప్పు ఆమె జ్ఞాపకానిది కాదు, మన వ్యాసాలది. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు, సంతోషమే. 1951 తర్వాత ఆమె ఎట్లా బతికిందన్నది మాత్రం అక్కడి విద్యార్థినులు ఇంకా వెతుక్కోవలసే ఉంది.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" ఈ విషయంలో మన కళ్ళు తెరిపించవలసిన పుస్తకం. పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ళ నోటివెంట వచ్చిన క్రమంలోనే వినిపించే ప్రయత్నం అది. దానికి ముందున్న చరిత్రల్లో కాలం ఘటనల ప్రకారం నడుస్తుంది: సభ, తీర్మానం, దాడి, ఎన్‌కౌంటరు. ఆ స్త్రీల మాటల్లో కాలం కాన్పుల ప్రకారం, వదిలివచ్చిన పిల్లల ప్రకారం, ఇంటికి తిరిగివచ్చిన తర్వాత మొదలైన ఉక్కపోత ప్రకారం కూడా నడుస్తుంది. పార్టీ చరిత్రకు 1951 ముగింపు. వాళ్ళలో కొందరికి అసలు కష్టం అక్కడే మొదలు.

ఇంకొక సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. పోరాటపు ఐదేళ్ళూ జనగామలో ఒక పొడవు, భూపాలపల్లి అడవిలో ఇంకొక పొడవు. కొమరయ్య మరణం నుంచి పోలీసు చర్య దాకా ఇరవై ఆరు నెలలు. ఆ తర్వాత విరమణ దాకా ముప్ఫై ఏడు నెలలు. కాని జనగామ మైదానంలో మాట్లాడినవాళ్ళకు మొదటి భాగమే కథంతా. గడీ కూలడం, భూమి పంచుకోవడం, గుత్పలు పట్టుకుని ఊరు ఊరంతా కదలడం అక్కడున్నాయి. రెండో భాగాన్ని వాళ్ళు కట్టె విరిచినట్లు చెప్పి ఊరుకునేవారు. దళాలు గోదావరి అడవి ప్రాంతానికి తరలిన తర్వాత మానుకోట, ములుగు, ఇల్లెందు, మంథని వైపు గ్రామాలకు ఆ రెండో భాగమే యుగం. కోయ గూడేలను ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుల్లోకి తోలిన సంగతి పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి తన గ్రంథంలో వివరంగానే రాశారు. మూడువేల గ్రామాలు, పదిలక్షల ఎకరాలు, నాలుగువేలమంది మృతులు అన్న అంకెలు మనందరికీ కంఠస్థం. క్యాంపులో ఒక వర్షాకాలం ఎంత పొడుగుంటుందో చెప్పే అంకె లేదు.

అవ్వ చెప్పిన పన్నెండు అంకెను ఇక్కడినుంచి చూడాలి. పాండవుల అరణ్యవాసం పన్నెండేళ్ళు. గోదావరికి పుష్కరం పన్నెండేళ్ళకొకసారి. మన పల్లెల్లో "పుష్కరకాలం" అంటే లెక్కకాదు, ఓర్చుకోలేనంత పొడవు. ఆమె తప్పు చెప్పలేదు, ఇంకొక కొలమానంతో కొలిచింది.

రైతు కలిపేసిన రెండు వానకాలాలకు కూడా తోడు దొరికింది. ఇటలీలో తెర్ని అనే ఉక్కు పట్టణంలో లూయీజీ త్రస్తుల్లి అనే యువ కార్మికుడు 1949 మార్చి 17న పోలీసుల చేతిలో చనిపోయాడు. నాటో కూటమిలో చేరడానికి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శన అది. కాని ముప్ఫై ఏళ్ళ తర్వాత అలెస్సాంద్రో పోర్తెల్లి వెళ్ళి అడిగితే, చాలామంది కార్మికులు ఆ చావును 1953లో, ఫ్యాక్టరీనుంచి పెద్దఎత్తున ఉద్వాసనలు జరిగిన సందర్భంలో పెట్టి చెప్పారు. తమకు జరిగిన అతిపెద్ద అన్యాయం పక్కన తమ మృతవీరుణ్ణి నిలబెట్టుకున్నారు. మన రైతు చేసిందీ అదే. ఒక్కడు పడిపోయిన చోటినుంచి ఊరంతా పడిపోయిన చోటికి అతని మనసులో ఒకటే దారి. మధ్యన రెండేళ్ళు పట్టలేదు.

కాలం కొలమానం ఎవరిచేతిలో ఉన్నదన్నది వర్గ సమస్య కూడా. 1967లో ఇ.పి. థామ్సన్ ఇంగ్లాండు కార్మికులపై గడియారం ఎట్లా పెత్తనానికి వచ్చిందో చూపించాడు. మనకు అంతదూరం పోనక్కరలేదు. 1946 జూలై ఒక పంచాంగంలో వ్యయనామ సంవత్సరం, నిజాం దఫ్తరులో ఫసలీ 1355. పంచాంగం పురోహితుడి దగ్గర, ఫసలీ పట్వారీ దగ్గర. రైతు దగ్గర ఉన్నవి వానలూ కరువులూ మాత్రమే. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పేరు ఎక్కిందా లేదా అన్నది ఇప్పటికీ భూమి తగాదాల్లో తిరగదోడతారు. దున్నినవాడి ఇరవై ఏళ్ళు ఆ ఒక్క గడిలో ఇమడకపోతే అవి జరగనట్లే.

భూపాలపల్లిలో నాకు పరిచయమైన బొగ్గుగని కార్మికుడొకాయన తన వయసును మస్టర్లలో చెప్పేవాడు. నవ్వులాటకు అంటున్నాడనుకున్నాను. 1952 నాటి గనుల చట్టం చూశాక నవ్వు రాలేదు. జీతంతో కూడిన సెలవుకు అర్హత లెక్కించేందుకు, భూగర్భంలో పనిచేసేవాడికి 190 హాజర్లయితే ఏడాది సర్వీసు నిండినట్లు. పైన పనిచేసేవాడికి 240. అంటే భూమికింద ఏడాది వేరు, భూమిపైన ఏడాది వేరని శాసనమే ఒప్పుకున్నది. మూడు షిఫ్టులు మారి మారి చేసినవాడికి రాత్రి ఏదో పగలు ఏదో తెలియని వారాలుంటాయి. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఎట్లా గడిచిందని అడిగితే, మేడారం జాతరలు లెక్కపెట్టి చెప్పాడాయన. రెండేళ్ళకొకసారి వచ్చే ఆ జాతర రోజులే అతనికి విడివిడిగా జ్ఞాపకమున్నాయి. మిగిలిందంతా ఒకటే షిఫ్టు.

యువ పరిశోధకులు కొందరు ఇప్పుడు నా నోటుపుస్తకాలు అడుగుతున్నారు. అందులో మాట్లాడినవాళ్ళలో నాకు తెలిసినంతలో ఒక్కరూ మిగలలేదు. ఇచ్చేముందు శుభ్రంగా ఒక ప్రతి రాస్తున్నాను. కొందరు మిత్రులు తప్పుడు సంవత్సరాలు సరిచేసి ఇమ్మంటున్నారు, లేకపోతే శత్రువులు మొత్తం సాక్ష్యాన్నే కొట్టివేస్తారని వాళ్ళ భయం. ఆ భయంలో న్యాయం లేకపోలేదు. తేదీలు చూపించి బైరాన్‌పల్లే జరగలేదనగలవాళ్ళు ఈ దేశంలో ఉన్నారు. అందుకని రెండూ రాస్తున్నాను. పన్నెండేళ్ళు అని అవ్వ చెప్పినట్లే పైన నల్లసిరాతో, మూడేళ్ళ చిల్లర అని అంచున నా అక్షరాలతో. ఎర్ర పెన్సిలు వాడటం లేదు. మొదటి పుస్తకం పూర్తికావడానికి మూడు నెలలు పట్టింది. ఇంకా నాలుగున్నాయి.