తిట్టు తాళమైంది: ఫంక్ చరిత్రలో శ్రమ ఎవరిది?

ఇంగ్లీషులో ‘ఫంక్’ అంటే పాత అర్థం కంపు. జాజ్ వాయించే నల్లవాళ్లు ఆ మాటనే మెచ్చుకోలుగా తిప్పేశారు. 1994లో మొదలైన దండోరా ఉద్యమంలో పేరు చివర ‘మాదిగ’ అని చేర్చుకున్నవాళ్లను చూసిన మనకు ఇది కొత్త కాదు.

ఈ చరిత్ర ఓ నిషేధం దగ్గర మొదలవుతుంది. 1739లో దక్షిణ కరోలినాలో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడి, డ్రమ్ములు కొడుతూ నడిచారు. 1740 నాటి చట్టం బానిసలు డ్రమ్ములు, కొమ్ముబూరలు వాడకూడదంది. వాద్యం లాక్కుంటే తాళం పోతుందా? చప్పట్లలోకి, కాళ్లలోకి, ఒంట్లోకి దిగింది.

ఆ రాష్ట్రంలోనే 1933లో జేమ్స్ బ్రౌన్ పుట్టాడు. పత్తి ఏరాడు, బూట్లు తుడిచాడు. 1965లో ‘పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్’, 1967లో ‘కోల్డ్ స్వెట్’ తెచ్చాడు. అప్పటి పాటల్లో నాలుగు దెబ్బల్లో రెండోదీ నాలుగోదీ బరువు. బ్రౌన్ ఆ బరువును మొదటి దెబ్బ మీదికి తెచ్చాడు. రాగం వెనక్కి తగ్గింది. గిటారు, బూరలు, చివరికి గొంతు కూడా డ్రమ్ములే అయ్యాయి. లాక్కున్న వాద్యం ఇట్లా వందరెట్లై తిరిగొచ్చింది.

1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపారు. అదే ఏడాది ‘సే ఇట్ లౌడ్’ పాటలో బ్రౌన్ తన నలుపును గర్వంగా చాటాడు. ఆ ఆత్మగౌరవం గొప్పది. అయితే మనం అక్కడే ఆగిపోకూడదు.

ఆత్మగౌరవం పాడిన బృందంలోనే కూలి తగాదా ఉంది. తప్పు వాయిస్తే జరిమానా. 1970లో డబ్బు దగ్గర గొడవై చాలామంది వాద్యకారులు బయటికి నడిచారు. ‘ఫంకీ డ్రమ్మర్’లో డ్రమ్ములు వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌నే తీసుకోండి. ఆయనకు సంగీతం బళ్లో చెప్పినవాళ్లు లేరు. చట్టనూగలో ఫ్యాక్టరీల మోత, రైళ్ల చప్పుడు విని నేర్చుకున్నాడు. ఆయన వాయించిన కొన్ని సెకన్ల ముక్కను హిప్‌హాప్ వాళ్లు కత్తిరించి వెయ్యికి పైగా రికార్డుల్లో వాడుకున్నారు. 1989లో పబ్లిక్ ఎనిమీ ‘ఫైట్ ద పవర్’లోనూ అదుంది. అయినా కాగితం మీద పాట బ్రౌన్‌ది. రాసినవాడికి హక్కుంది, కొట్టినవాడికి లేదు. వాడకానికి రావలసిన రాయల్టీ దాదాపు ఏమీ అందకుండానే ఆయన 2017లో చనిపోయాడు.

ఫంక్ నైజీరియా చేరి ఫేలా కూటీ ఆఫ్రోబీట్‌కు బలమిచ్చింది, న్యూయార్క్ వాడల్లో హిప్‌హాప్‌కు పునాది వేసింది. దాని ప్రభావం గురించి పుస్తకాలు రాస్తూనే ఉన్నారు. కానీ తాళాన్ని రచనగా ఒప్పుకోని చట్టం గురించి తక్కువే మాట్లాడతారు. అక్షరానికి యజమాని ఉంటాడు, చేతిదెబ్బ మాత్రం ‘అందరిదీ’ అవుతుంది! ఈ లెక్క మనకు తెలియందా? డప్పును ‘జానపదం’ అని మెచ్చుకుని, కొట్టినవాడి పేరు రాయని పుస్తకాలు మన దగ్గరా ఉన్నాయి. సంగీత చరిత్ర రాసేవాళ్లు ముందు ఆ చేతుల పేర్లు రాయాలి.