జాబితాకెక్కని దేవుడు

గత దసరా సెలవులలో మా సంఘమునకు చెందిన విద్యార్థులు విగ్రహచౌర్యమును గూర్చి ఊరివారిని మేలుకొలుపవలెనని ఒక ప్రచారము తలపెట్టిరి. గోడపత్రికలు తామే చిత్రించిరి. నినాదములు తెలుగునను తమిళమునను వ్రాసిరి. రథవీధిలో చిన్న నాటిక ప్రదర్శించిరి. పెద్దలము చప్పట్లు చరచి ఇండ్లకు మరలితిమి. చిరకాలము దస్త్రముల నడుమ గుమాస్తాగిరి చేసిన మాకు మాత్రమొక సందేహము మిగిలెను: దొంగ నినాదములకు జడియునా?

మేమెరిగినంతలో దొంగసొత్తును పట్టియిచ్చునది వ్రాత. అరియలూరు జిల్లా శ్రీపురందాన్ గ్రామమున చోళులనాటి బృహదీశ్వరాలయము గలదు. పూజలు సన్నగిలిన ఆ గుడిలోని కంచు విగ్రహములు అపహరింపబడిన సంగతి 2008లో గాని బయటపడలేదు. అచ్చటి నటరాజును ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల ఆ యేడే ఏబది లక్షల అమెరికా డాలర్లకు కొనెను. అమ్మినవాడు న్యూయార్కు వర్తకుడు సుభాష్ కపూర్. విగ్రహమునకు పూర్వచరిత్ర యని అతడు చూపిన కాగితములు కల్లలు. ఆ కల్లను బయటపెట్టినది పుదుచ్చేరిలోని ఫ్రెంచి సంస్థవారి పాత ఛాయాచిత్రము. 1955లో వెలసిన ఆ సంస్థ పండితులు దేవాలయములు తిరిగి చిత్రములు తీయించినది శిల్పాధ్యయనమునకే గాని దొంగలను పట్టుటకు గాదు. అయినను నటరాజు 2014లో స్వదేశమునకు మరలివచ్చెను. కపూర్‌కు వేరొక ఆలయపు చౌర్యము విషయమున 2022లో కుంభకోణము న్యాయస్థానము పదేండ్ల శిక్ష విధించెను. మన ఆంధ్రదేశపు చందవరమున దొరికిన బౌద్ధశిల్పమొకటి సైతము అతని అంగడి మీదుగా ఆ చిత్రశాలకే చేరి, 2016లో తిరిగి ఇయ్యబడెను.

ఈ కథ విన్న విద్యార్థులలో ఒక బాలిక మా యింటికి వచ్చి, రిజిస్టరు ఎట్లు వ్రాయవలెనని అడిగెను. మాకంతకంటె కావలసినదేమి? పేరు, ఎత్తు, లోహము, హస్తముద్రలు, పగుళ్లు, ఛాయాచిత్రము తీసిన తేదీ అని గడులు గీచి యిచ్చితిమి. మన రామమందిరపు పాత జాబితాను తీయగా అందు "పంచలోహ విగ్రహములు – కొన్ని" అని యుండెను. మా కార్యాలయమున నిట్టి పద్దు పెట్టినయెడల పై అధికారి కాగితము మొగమున కొట్టియుండును.

అర్చకులు మొదట గర్భాలయములో చిత్రములు కూడదనిరి. తుదకు ఉత్సవమూర్తులు మండపమునకు వేంచేసిన దినమున సమ్మతించిరి. పిల్లలు కొలతలు వ్రాసికొనుచుండగా, సీతమ్మవారి ఎడమచేతి చిటికెనవ్రేలి కొన విరిగియుండుట మేము మొదటిసారి చూచితిమి. అరువదియేండ్లుగా మ్రొక్కుచున్న చేయి అది!

పని ముగియు వేళకు మందిరపు వీధిలోని వృద్ధురాలొకతె వచ్చి, "నాలుగేనా? చిన్ని కాళీయకృష్ణుడేడి నాయనా?" అని అడిగెను. ఆమె కాపురమునకు వచ్చిన నాట ఆయన ఉయ్యాలలో నుండెనట. ఎప్పుడు పోయెనో ఎవ్వరును చెప్పలేకపోయిరి. నేడు ఏ దేశపు గాజుబీరువాలోనో మా యెదుటనే నిలిచినను, మావాడని చూపుటకు కాగితము ముక్కయైన లేదు.

బాలిక కొంతసేపు కలము పట్టుకొని ఊరకుండెను. పిమ్మట ఐదవ వరుసలో కాళీయకృష్ణుడు అని వ్రాసి, ఎత్తు అను గడిలో "అవ్వ చూపినట్లు, జానెడు" అని చేర్చి, తక్కిన గడులు ఖాళీగా విడిచెను.