మార్కుల తూకం

ఫలితాలు వచ్చే రోజుల్లో నరసరావుపేటలోనైనా, మాచర్లలోనైనా, గురజాలలోనైనా పిట్టగోడల మీదుగా వినిపించే మాట ఒకటే. "మా అమ్మాయికి ఇంటర్లో తొమ్మిదివందల డెబ్బై వచ్చినయ్యండీ పిన్నిగారూ. ఎదురింటి వాళ్ళబ్బాయికి ఎనిమిదివందల డెబ్బయ్యే. ఇంజనీరింగులో మంచి సీటు మాత్రం వాడికొచ్చింది. ఇదెక్కడి న్యాయమండీ?" పిన్నిగారు నిట్టూర్చి, "ఎవరి అదృష్టం వాళ్ళదమ్మా" అని ఊరుకుంటుంది.

అదృష్టం సంగతి నేను చెప్పలేను గాని, ఆ సీటు వెనక ఒక లెక్క ఉంది. అది ఆకాశంలోంచి ఊడిపడిన లెక్క కాదు. ఒక్కో కాలంలో ఒక్కో ప్రభుత్వం వేసిన లెక్క, మళ్ళీ మార్చిన లెక్క, కోర్టుల దాకా వెళ్ళివచ్చిన లెక్క. ఆవకాయకు కారం కొనేటప్పుడు కాటా వైపు ఒక కన్ను వేసి ఉంచుతామే, మరి మన పిల్లల చదువును తూచే కాటా ఎట్లాంటిదో ఒకసారి చూడవద్దా?

మన అమ్మమ్మలు, నాయనమ్మల కాలంలో ఈ బాధే లేదు. సీట్లూ లేవు, అడిగేవాళ్ళూ తక్కువే. తెలుగు జిల్లాల్లో డాక్టరు చదువుకు విశాఖపట్నం ఒక్కటే దిక్కు. అక్కడ వైద్య కళాశాల 1923లో పెట్టారు. గుంటూరుకు వైద్య కళాశాల 1946లో వచ్చింది. కాకినాడ ఇంజనీరింగ్ కళాశాల పుట్టింది కూడా ఆ ఏడాదే. నరసరావుపేటలో ఎస్.ఎస్.ఎన్. కళాశాల 1950లో మొదలయ్యాక పల్నాటి పిల్లలకు పైచదువు ఇంటి దగ్గరికి వచ్చింది. కాని పైచదువు దగ్గరికి వచ్చినంత సులువుగా సీటు రాలేదు.

అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. ఆ రాష్ట్రం మొత్తానికి ప్రభుత్వ వైద్య కళాశాలలు నాలుగు, సీట్లు 330. గుంటూరు ఆ నాలుగింటిలో ఒకటి. ఆ సీట్లను పంచడానికి కమ్యూనల్ జీవో అని ఒకటి ఉండేది. ప్రతి 14 సీట్లలో 6 బ్రాహ్మణేతర హిందువులకు, 2 వెనుకబడిన హిందువులకు, 2 బ్రాహ్మణులకు, 2 ఆ జీవోలో హరిజనులని రాసినవారికి, 1 ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి, 1 ముస్లింలకు. మార్కుల పోటీ ఆయా వాటాల లోపలే. దీనిమీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు ఒక స్త్రీ పేరు మీదే ఉంది. చంపకం దొరైరాజన్ కేసు అంటారు. 1951 ఏప్రిల్లో కోర్టు ఆ జీవో చెల్లదన్నది. ఆ ఏడాదే రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసుకునే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చారు. కొత్త రాజ్యాంగానికి ఏడాది నిండిన కొద్దినెలలకే మొదటి మార్పు వచ్చిపడటానికి కాలేజీ సీటు ఒక కారణమైంది చూడండి!

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మరో చిక్కు వచ్చింది. అప్పట్లో పి.యు.సి. ఒక్క ఏడాది చదువు. ఆంధ్రా, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర - ఏ విశ్వవిద్యాలయం పరీక్ష దానిదే. వీటికి తోడు హయ్యర్ సెకండరీ చదివి వచ్చే పిల్లలు వేరు. ఒకచోట దిద్దిన అరవై మార్కులు, ఇంకోచోట దిద్దిన అరవై మార్కులు ఒకటేనా? ఒక ఇంటి సోలెడు బియ్యం ఇంకో ఇంటి సోలెడుతో సమానమని ఎవరు చెప్పగలరు? అందుకని 1970 ప్రాంతంలో ప్రభుత్వం వైద్య కళాశాలలకు విడిగా ప్రవేశ పరీక్ష పెట్టింది. విశ్వవిద్యాలయం ఒకసారి పరీక్షించి మార్కులు ఇచ్చాక మీరు మళ్ళీ పరీక్షించడమేమిటని కొందరు కోర్టుకు వెళ్ళారు. 1971లో సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే చెప్పింది. ఉన్న సీట్లకంటే అడిగేవాళ్ళు ఎక్కువైనప్పుడు, కళాశాలలు నడిపే ప్రభుత్వం సబబైన పద్ధతిలో ఏరుకోవచ్చు, విశ్వవిద్యాలయం మార్కులకే కట్టుబడి ఉండాలని లేదు అన్నది.

మరుసటి ఏడాదే, అంటే 1972లో, మన రాష్ట్రం నుంచే ఇంకో తీర్పు వచ్చింది. హయ్యర్ సెకండరీ పిల్లలకు 40 శాతం సీట్లు విడిగా ఉంచడం చెల్లదని అందులో తేల్చారు. అందరినీ ఒకే పరీక్షకు కూర్చోబెట్టిన తరవాత మళ్ళీ ఎక్కడ చదివి వచ్చారని విడదీయటం దేనికి అని దాని భావం. వెనుకబడిన తరగతులకు ఇచ్చిన 25 శాతం రిజర్వేషన్ను మాత్రం ఆ తీర్పే నిలబెట్టింది.

ఇంతలో ఇంటర్మీడియట్ రెండేళ్ళ చదువైంది. 1971లో దానికి బోర్డు వచ్చింది. రాష్ట్రమంతటికీ ఒకే పరీక్ష, ఒకే దిద్దుడు అన్నమాట. ఇక గొడవ తీరిందనుకునేలోగా ప్రాంతం లెక్క వచ్చింది.

ఇది పల్నాటివాళ్ళకు చెప్పనక్కరలేదు, కళ్ళెదుటే చూశారు. జై తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల తరవాత 1973లో ఆరు సూత్రాలు వచ్చాయి. 1974లో రాష్ట్రపతి ఉత్తర్వుతో రాష్ట్రాన్ని మూడు విశ్వవిద్యాలయ ప్రాంతాలుగా విడదీసి, సీట్లలో 85 శాతం ఆయా ప్రాంతాల స్థానికులకే అన్నారు. గుంటూరు జిల్లా ఆంధ్రా ప్రాంతంలో పడింది. ఆ తరవాత 1976లో మన ముంగిట్లోనే నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చినా, సీట్ల లెక్కకు మాత్రం ఆంధ్రా ప్రాంతమే. ఇప్పుడు నాగార్జునసాగర్ చూడండి. ఆనకట్టకు ఇటు మాచర్ల వైపు విజయపురి సౌత్, అప్పట్లో గుంటూరు జిల్లా. అటు హిల్ కాలనీ, నల్లగొండ జిల్లా. ఒకే ప్రాజెక్టులో పనిచేసే ఇద్దరి పిల్లలు ఒకే మార్కులు తెచ్చుకున్నా, ఇటు నాలుగేళ్ళు వరసగా చదివినవాడు ఆంధ్రా స్థానికుడు, అటు చదివినవాడు ఉస్మానియా స్థానికుడు. ర్యాంకు ఒకటే, దొరికే సీటు వేరు. కృష్ణమ్మ నడిమధ్యన గీత అయి కూర్చుంది! రాష్ట్రం విడిపోయాక కూడా విభజన చట్టం ఈ వాటాలను పదేళ్ళు ఉంచింది. 2024 జూన్ 2తో ఆ గడువు ముగిసింది.

మళ్ళీ మార్కుల దగ్గరికి వద్దాం. 1980 నాటికి ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు మొదలై, డొనేషన్ అనే మాట ప్రతి ఇంట్లోనూ వినిపించింది. పొలం అమ్మి సీటు కొన్నారనేవాళ్ళు. 1983లో రాష్ట్రం క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. ప్రవేశాలు అర్హత పరీక్ష మార్కులమీదనో, ప్రవేశ పరీక్ష ర్యాంకుమీదనో జరగాలన్నది. 'ఇదో, అదో' అన్నది గమనించండి. 1986లో ఎంసెట్ వచ్చాక 'అదే' అయింది. ఇంటర్ పాసైతే చాలు, సీటు తేల్చేది ఎంసెట్ ఒక్కటే.

పల్నాటి కథ తెలిసినవాళ్ళకు ఈ పద్ధతి ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ఒక్క కోడిపందెంతో మాచర్లవారికి ఏడేళ్ళ వలస రాసిపెట్టారు కదా. ఇక్కడ మూడు గంటల పరీక్షతో నాలుగేళ్ళ చదువు, ఆపైన బతుకు. అందుకే గుంటూరులో, విజయవాడలో కోచింగులు ఊళ్ళకు ఊళ్ళుగా లేచాయి. రెండేళ్ళు ఇంటర్ చదివిన కళాశాలలో ఏం చెప్పారో ఎవరూ అడగటం మానేశారు. పల్నాడు నుంచి మగపిల్లవాణ్ణి గుంటూరు హాస్టల్లో పెట్టి 'లాంగ్ టర్మ్' చదివించిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆడపిల్లను పంపాలంటే మాత్రం తండ్రి సరేనంటే తాతయ్య వద్దనేవాడు, తాతయ్య సరేనంటే డబ్బు చాలేది కాదు. ఆ పిల్ల ఇంట్లో, అమ్మకు వంటలో సాయం చేస్తూ చదువుకుని తెచ్చుకున్నవి ఇంటర్ మార్కులు. వాటికి తూకంలో చోటే లేకుండా పోయింది. నాకు ఈ చరిత్ర మొత్తంలో మనసుకు గుచ్చుకునేది ఇదే.

2009 ప్రాంతంలో ప్రభుత్వం దీన్ని కొంత సరిదిద్దింది. ఎంసెట్కు 75 పాళ్ళు, ఇంటర్కు 25 పాళ్ళు అన్నది. పావు వంతు అంటే తక్కువేం కాదు కదా అనిపిస్తుంది. కాని పిట్టగోడ దగ్గరి అమ్మాయి లెక్క ఇప్పుడు వేసి చూద్దాం.

ఆమెకు వచ్చిన 970లో ఇంగ్లీషు, రెండో భాష మార్కులు 390 అనుకుందాం. అవి ర్యాంకు లెక్కలోకే రావు. లెక్కించేవి గ్రూపు సబ్జెక్టుల 600 మార్కులే. (తెలుగు మాన్పించి, మార్కులు కురుస్తాయని సంస్కృతం తీసుకోమన్న అమ్మలు ఇది కొంచెం ఆలకించాలి.) అంటే ఆమె అసలు మార్కులు 600కి 580. అబ్బాయికీ భాషల్లో 390 తీసేస్తే మిగిలేవి 480. గ్రూపులో నూరు మార్కులు అమ్మాయే ముందున్నది. ఎంసెట్లో 160కి అమ్మాయికి 80, అబ్బాయికి 90 వచ్చాయనుకోండి. 600ను 25కు కుదిస్తే అమ్మాయికి ఇంటర్ నుంచి 24.17, అబ్బాయికి 20. 160ని 75కు కుదిస్తే ఎంసెట్ నుంచి అమ్మాయికి 37.5, అబ్బాయికి 42.19. మొత్తం అమ్మాయికి 61.67, అబ్బాయికి 62.19. అబ్బాయే ముందు! రెండేళ్ళలో సంపాదించిన నూరు మార్కులను ఒక పూటలో వచ్చిన పది మార్కులు దాటేశాయి. ఒక ఎంసెట్ మార్కు పదకొండుంపావు ఇంటర్ మార్కులతో సమానమన్నమాట.

దీనికి తోడు ఇంకొకటి. ఈ మధ్య ఇంటర్లో మంచి మార్కులు రానివాళ్ళెవరు? అందరి పప్పులోనూ ఉప్పు ఒకే పాళ్ళలో ఉంటే రుచిలో తేడా ఉప్పువల్ల రాదు. పోటీపడే పిల్లలందరూ ఇంటర్లో దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు, తేడా వచ్చేదంతా ప్రవేశ పరీక్షలోనే. కాగితం మీద పావు వంతు ఉన్నా, పనిచేసేది అంతకన్నా తక్కువే.

సరిహద్దు దాటితే ఇదే అమ్మాయి కథ మారిపోతుంది. తమిళనాడులో 2007 నుంచి ఇంజనీరింగుకు ప్రవేశ పరీక్షే లేదు, ప్లస్ టూ మార్కులే తూకం. అక్కడ మన అమ్మాయిదే ముందు వరస. కర్ణాటకలో సగం సగం. ఆ లెక్కన అమ్మాయికి 73.33, అబ్బాయికి 68.13. అక్కడా అమ్మాయే. తెలంగాణ 2023లో ఇంటర్ వాటాను పూర్తిగా తీసేసింది. అక్కడ అబ్బాయిదే సీటు. నాలుగు ఇరుగుపొరుగు రాష్ట్రాల్లో రెండుచోట్ల ఆమె తెలివైనది, రెండుచోట్ల కాదు! పిల్ల మాత్రం ఒక్కతే. కేంద్రంవాళ్ళు కూడా జె.ఇ.ఇ. మెయిన్లో 2013 నుంచి 2016 దాకా బోర్డు మార్కులకు 40 శాతం ఇచ్చారు. బోర్డులన్నీ ఒకే రకంగా మార్కులు వేయవు కాబట్టి, ఏ పిల్ల తన బోర్డులో ఎంత మందికంటే పైనుందో చూసి కలిపేవారు. తలనొప్పి వ్యవహారమై 2017 నుంచి వదిలేశారు.

కరోనా రోజుల్లో మన దగ్గర కూడా తూకం తారుమారైంది. 2021లో ఇంటర్ పరీక్షలే జరగలేదు. పదో తరగతి నుంచి 30 పాళ్ళు, ఇంటర్ మొదటి ఏడాది నుంచి 70 పాళ్ళు తీసుకుని మార్కులు వేశారు. అట్లాంటి మార్కులను ర్యాంకులో కలపలేక 2021, 2022లో ఆ 25 పాళ్ళు పక్కన పెట్టి, 2023లో ఆంధ్రప్రదేశ్ మళ్ళీ తెచ్చుకుంది. అది మంచి పనే అంటాను నేను. ప్రయోగ పరీక్షల్లో కొన్ని కళాశాలలు అడిగినవాడికీ అడగనివాడికీ ముప్పైకి ముప్పై వేయిస్తాయన్న ఫిర్యాదు ఉన్నదే, కాదనను. దానికి మందు ప్రయోగశాలలో తనిఖీ పెట్టడం. రెండేళ్ళ చదువును చెత్తబుట్టలో వేయడం కాదు. వృత్తి కళాశాలల సీట్లలో ఆడపిల్లలకు మూడోవంతు ఉన్నదన్నది నిజమే గాని, ఆ మూడోవంతులో ఎవరు ముందు, ఎవరికి ఏ కళాశాల అని తేల్చేది మళ్ళీ ఈ కాటాయే.

డాక్టరు చదువు కోరేవారికి ఈ లెక్క కూడా వర్తించదు. 2017 నుంచి మన రాష్ట్రంలో దానికి నీట్ ర్యాంకే. అందుకే ఎంసెట్ పేరులో వైద్యం పోయి, 2021లో ఈఏపీసెట్ అయింది. నీట్లో ఇంటర్ మార్కులు అర్హతకే గాని ర్యాంకుకు అక్కరకు రావు. తప్పు జవాబుకు ఒక మార్కు కోత కూడా ఉంది. మన ఈఏపీసెట్లో ఆ కోత లేదు. కాబట్టి ఇంజనీరింగు పరీక్షకు వెళ్ళే పిల్లకు ఒక్క గడి కూడా ఖాళీగా వదలవద్దని చెప్పి పంపండి. పదకొండుంపావు లెక్క గుర్తుంది కదా.

అన్నీ కలిపాక ఇద్దరికి సరిసమానంగా వస్తే ముందు గణితం మార్కులు చూస్తారు, తరవాత భౌతికశాస్త్రం. అవన్నీ కలిస్తే ఆఖరున ఇద్దరిలో వయసులో పెద్దవారికి ముందు ర్యాంకు ఇస్తారు. బడిలో వేసేటప్పుడు పుట్టినతేదీ ఏడాది ముందుకో వెనక్కో రాయించిన అమ్మలెవరైనా ఉంటే, ఆ సంగతి అక్కడ బయటపడుతుంది.